చచ్చిన పిచ్చుకకి స్వెట్టర్ అల్లితే

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక మగ్గం వర్క్ షాపు ఉంది. ముందు గదిలో ఓనరు కూర్చుంటాడు. చిత్తూరు వైపు ఆయన, బేరమంతా తెలుగులోనే. వెనక గదిలో బెంగాల్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు కర్ర చట్రానికి బిగించిన గుడ్డ చుట్టూ మఠం వేసుకుని పని చేస్తుంటారు. మగ్గం అంటాం గానీ అక్కడ నేసేదేమీ లేదు, చట్రాన్ని చూసి మనవాళ్లు ఆ పేరు పెట్టేసినట్టున్నారు. కుడి చేతిలో కొక్కెం మొన ఉన్న సూది. ఎడమ చెయ్యి గుడ్డ కింద ఉంటుంది, మనకి కనపడదు. దారం అందించేది అదే. సూది దిగుతుంది, కింది చేతిలోని దారాన్ని తగిలించుకుని పైకి వస్తుంది, గొలుసులో ఒక లంకె పడుతుంది. నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టబోయి వదిలేశాను.

మొన్న మా వదిన బ్లౌజు తీసుకోడానికి వెళ్తే ఇంకా లైనింగ్ వెయ్యలేదన్నారు. ఊరికే ఉండలేక తిరగేసి చూశాను. ముందువైపు నెమలి. వెనకవైపు ముడులు, తెగిన కొసలు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి అడ్డంగా లాగేసిన జరీ, జిగురు మరకలు, మెడ దగ్గర ఎండిపోయిన గోధుమరంగు చుక్క ఒకటి. కుర్రాడు ఏమీ అనకుండా తన ఎడమ చూపుడువేలు చూపించాడు. లైనింగ్ వేస్తే కనపడదు సార్, అన్నాడు ఓనరు హడావిడిగా.

నేను చెప్పబోయేది లైనింగ్ వెయ్యని ఆ వైపు గురించి. గత యాభై అరవై ఏళ్లుగా కొంతమంది కళాకారులు కుట్టు, అల్లిక, ముడి లాంటి ఇంటిపనుల్ని మ్యూజియం గదుల్లోకి తీసుకెళ్లి, చూసినవాళ్లకి ఒళ్లు జలదరించేలా చేస్తున్నారు. ఇవి ఎక్కువగా ఇన్‌స్టలేషన్లు. అంటే గోడకి తగిలించిన బొమ్మని ఎదురుగా నిలబడి చూసి వెళ్లిపోవడం కాదు, గది మొత్తాన్నీ పనిగా మార్చేస్తారు. మనం అందులోంచి నడవాలి, వంగాలి, తగలకుండా తప్పుకోవాలి. ఇవి చూసిన మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: “బొమ్మలో దెయ్యం లేదు, హత్య లేదు. ఉత్త గుడ్డే కదా, మరి ఎందుకంత ఇబ్బందిగా ఉంటుంది?”

జవాబుకి ఒక పిచ్చుక సాయం చేస్తుంది. 1971-72లో ఫ్రాన్స్‌లో అనెట్ మెసజే అనే ఆవిడ చచ్చిన పిచ్చుకలకి ఊలుతో చిట్టి చిట్టి స్వెట్టర్లు అల్లి, తొడిగి, వరసగా పడుకోబెట్టింది. పురిటిబిడ్డకి అల్లినంత నాజూకైన అల్లిక. చచ్చిన పిచ్చుక రోడ్డు మీద కనపడితే పక్కకి జరిగి వెళ్లిపోతాం. స్వెట్టర్ తొడిగిన పిచ్చుక దగ్గర మాత్రం కాలు కదలదు. ఇక చలే వెయ్యని ప్రాణికి చలి వేస్తుందేమోనని ఎవరో కూర్చున్నారు, దాని మెడ ఎంతుందో చూసుకున్నారు, కుట్లు లెక్కపెట్టుకున్నారు. మనల్ని కలవరపెట్టేది ఆ శ్రద్ధ. ఆలస్యమైపోయాక చూపించిన శ్రద్ధ, లేదా చూపించకూడని చోట చూపించిన శ్రద్ధ. ఈ రకం పనుల్లో మంచివన్నీ ఆ చోటే పట్టుకుంటాయని నా అభిప్రాయం.

మన ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. పుట్టిన బిడ్డని కొత్త బట్టలో కాకుండా, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీర ముక్కలో చుడతాం. పోయినవాళ్ల మీద మాత్రం కొత్త బట్ట కప్పుతాం. మడికి కుట్టు పడని బట్ట కావాలి. ఒంటి మీదున్న చొక్కాకి గుండీ కుట్టబోతే పెద్దవాళ్లు గయ్యిమంటారు, విప్పి ఇమ్మంటారు. దీపాలు పెట్టాక సూది అప్పివ్వరు. సూది బట్టని బాగుచేస్తుంది, కానీ బాగుచెయ్యాలంటే ముందు పొడవాలి. ఆ రెండో సంగతి మన ఆచారాలు ఎక్కడా మర్చిపోలేదు. కళాకారులు చేసింది ఒకరకంగా ఆ అమ్మమ్మల జాగ్రత్తని గది నిండా పరచడమే.

అయితే గుడ్డ ఈ స్థాయికి రావడానికి చాలాకాలం పట్టింది. కుట్టుపని ఆడవాళ్ల ఖాళీ సమయపు పని, అలంకారం, చేతివృత్తి. కళ వేరు. జర్మనీలో 1919లో మొదలైన బౌహాస్ అనే కళా, డిజైన్ పాఠశాల ఎంతో ఆధునికమని పేరు. అక్కడ కూడా చేరిన ఆడపిల్లల్ని చాలావరకు నేత విభాగానికే పంపారు. మనవైపు చూస్తే, మద్రాసు శివార్లలో 1966లో చోళమండలం కళాకారుల గ్రామం మొదలైనప్పుడు పెయింటర్లు బాతిక్ గుడ్డలూ (మైనం పూసి రంగులు అద్దినవి) చేతిపని వస్తువులూ చేసి అమ్మిన డబ్బులే ఆసరా. ఇల్లు గడిపింది గుడ్డ, పేరొచ్చింది పెయింటింగ్‌కి. ఎవరినీ తప్పుపట్టడం లేదు గానీ, ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఎవరూ పట్టించుకోని వస్తువులోనే ఎవరూ చెప్పని మాటలు దాచుకోడానికి వీలుంటుంది.

ముందు పేరు లూయీజ్ బుర్జ్వాది. 1911లో పారిస్‌లో పుట్టింది. వాళ్లింట్లో వ్యాపారమే పాత చిత్రాల తివాచీల్ని బాగుచెయ్యడం, అంటే గోడలకి తగిలించే పెద్ద పెద్ద నేత బొమ్మల్ని. చిరిగినచోట మళ్లీ అల్లడం వాళ్లమ్మ పని. తివాచీల్లో ముందుగా పాడయ్యేది కింది అంచు, అంటే బొమ్మల పాదాలు. చిన్నప్పుడు లూయీజ్ పని ఆ పోయిన పాదాలకి గీతలు గీసివ్వడం. 1932లో తల్లి పోయింది. ఎన్నో దశాబ్దాల తర్వాత, 1999లో, తొమ్మిది మీటర్ల పైన ఎత్తున్న ఉక్కు సాలీడు చేసి దానికి అమ్మ అని పేరు పెట్టింది. అల్లుతుంది, తెగితే మళ్లీ అల్లుతుంది, ఓపికగా ఉంటుంది, అందుకే సాలీడు అమ్మ. చూసేవాళ్లకి మాత్రం దాని కాళ్ల కింద నిలబడితే ఊపిరాడదు. రెండూ నిజమే. అంతకుముందు 1996లో చేసిన ఒక పనిలో తన పాత బట్టల్ని, లోపలి గౌన్లని పశువుల ఎముకలకి తగిలించింది. హ్యాంగరు ఉండాల్సిన చోట ఎముక. పోయినవాళ్ల బీరువా తెరిచిన ఎవరికైనా ఆ పని అర్థం చెప్పక్కర్లేదు.

పోలండ్‌కి చెందిన మగ్దలేనా అబకనోవిచ్‌ది ఇంకో దారి. 1943లో, ఆమెకి పదమూడేళ్లప్పుడు, జర్మన్ సైనికులు ఇంట్లోకి చొరబడి ఆమె కళ్లముందే తల్లి చేతిని తుపాకీతో కాల్చేశారు. యుద్ధం తర్వాత కమ్యూనిస్టు పాలనలో పెద్ద స్టూడియో లేదు, సరుకు దొరకదు. రేవుల్లో పారేసిన పాత తాళ్లు తెచ్చి, పురి విప్పి, రంగువేసి నేసింది. 1960లలో అలా వచ్చినవే మనిషికన్నా ఎన్నో రెట్లు పెద్దవైన, పైకప్పు నుంచి వేలాడే ముద్దలు. చీలికలు, మడతలు, లోపల చీకటి. చూస్తే కోటులా ఉంటుంది, తొక్కలా ఉంటుంది, లోపలికి దూరచ్చు. దాన్ని ఏ కోవలో పెట్టాలో విమర్శకులకి తెలియక ఆమె ఇంటిపేరుతోనే పిలిచారు. ఆ తర్వాత 1976 నుంచి 80 వరకు గోనెగుడ్డని జిగురులో తడిపి మనుషుల వీపులు పోతపోసింది. ఎనభై వీపులు. తలలుండవు, ముందుభాగం ఉండదు, వంగి కూర్చుని ఉంటాయి.

మన దేశంలో మృణాళినీ ముఖర్జీ (1949-2015) నార తాళ్లని మగ్గం లేకుండా, చేతి ముడులతోనే నిలువెత్తు రూపాలు చేసింది. యక్షి, నాగదేవత, పువ్వు, స్త్రీ అంగం, వీటిలో ఏదో చెప్పలేనట్టు ఉంటాయవి. పల్లెపొలిమేర దేవత ముందు సాయంత్రంపూట ఒంటరిగా నిలబడ్డవాళ్లకి ఆ భావన తెలుసు. అనితా దూబే 1997లో నిజమైన మనిషి ఎముకల్ని ఎర్ర వెల్వెట్‌లో పొదిగి, లేసులూ పూసలూ కుట్టింది. పెళ్లినగల పెట్టె తెరిచినట్టుంటుంది, వెన్నుపూస అని తెలిసేదాకా.

ఇక బెంగళూరు. ఈ వ్యాసానికి నన్ను కూర్చోబెట్టినవి ఈ ఊళ్లోనే పనిచేసే షీలా గౌడ చేసిన రెండు పనులు. ఆమె 1957లో భద్రావతిలో పుట్టింది, చదివింది పెయింటింగ్. 1990ల మొదట్లో నూనెరంగులు పక్కనపెట్టి ఆవుపేడతో పని మొదలుపెట్టింది. ఆ తర్వాత దారం.

1998లో వచ్చిన పనికి తెలుగులో పేరు చెప్పాలంటే, నా బాధ అతనికి చెప్పు. ఎలా చేసిందో చూడండి. గది ఈ కొస నుంచి ఆ కొసకి పోయి, మళ్లీ వచ్చి, ఇంకా మిగిలేంత పొడవు దారం. దాన్ని ఒక సూదిలోకి ఎక్కించి, సూది మధ్యకి వచ్చేదాకా లాగి, రెండు పోగులూ కలపాలి. ఇంకో సూది, ఇంకో దారం. మళ్లీ ఇంకోటి. అలా పదుల కొద్దీ సూదులు. ఆ దారాలన్నిటినీ కుంకుమా జిగురూ కలిపిన ముద్దతో పట్టించి, ఒక లావాటి ఎర్ర తాడు చేసింది. ఆ తాడు గోడలమీంచి జారుతుంది, నేలమీద చుట్టలు చుట్టుకుంటుంది, మళ్లీ పైకి ఎగబాకుతుంది. బొడ్డుతాడా, పేగా, నెత్తుటి చారా అని అనుకుంటూ దాని వెంట నడుస్తాం. కొసకి వచ్చేసరికి సూదులన్నీ గుత్తిగా వేలాడుతుంటాయి, మొనలు మెరుస్తూ.

ఆ సూదుల్లో ఒక్కటి కూడా ఏ గుడ్డనీ కుట్టలేదు. నాకు అన్నిటికన్నా గుచ్చుకున్నది అదే. దారం ఎక్కించడం కుట్టుపనిలో మొదటి మెట్టు, అందరూ విసుక్కునే మెట్టు. ఆమె ఆ ఒక్క మెట్టునే చేసి చేసి, కుట్టడం అనే ఫలితాన్ని తీసేసింది. అంత శ్రమా జరిగింది, చూపించడానికి ఒక రవిక కూడా లేదు. ఎంతమంది ఆడవాళ్ల ఎన్నేళ్ల సాయంత్రాలు ఇలా తాడుగా పేనుకుపోయాయో అనిపిస్తుంది. కుంకుమ వాసన తెలిసిన ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇంకో దెబ్బ కూడా ఉంది. పసుపూ కుంకుమా అనే జంట మాట మనకి క్షేమం. ఇక్కడ కుంకుమ ఒంటరిగా ఉంది, తడిగా ఉన్నట్టుంది.

రెండోది 2009లో వెనిస్ బియెనాలేలో, అంటే ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శనలో పెట్టిన పని. ఇప్పుడు లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. బెంగళూరులో ఆటోలకీ కార్లకీ ముందు బంపరు దగ్గర నల్లటి సన్నని తాడు కట్టి ఉండటం చూసే ఉంటారు. అది దిష్టికి. నిజమైన మనిషి వెంట్రుకలతో పేనిన తాళ్లూ ఇందుకు వాడతారు. గుళ్లలో ఇచ్చిన తలనీలాల్లో పొడవైనవి వేలంలో మంచి ధర పలికి సవరాలకీ విగ్గులకీ పోతాయి, పొట్టిగా మిగిలినవి తాళ్లకి వస్తాయి. షీలా గౌడ అలాంటి తాడు సుమారు 4 కిలోమీటర్లు పోగేసింది. దాంతోపాటు 20 కారు బంపర్లు. వెంట్రుకల తాళ్లతోనే ఆ ఉక్కు బంపర్లని గోడకి వేలాడదీసింది. మిగిలిన తాడు నేలమీద నల్లటి కుప్పలుగా, జడలుగా.

హిందూపురం నుంచి వచ్చినప్పుడు అమ్మకి ఈ పని ఫోటో ఫోన్‌లో చూపించాను. ఏమీ చెప్పలేదు, ఊరికే చూపించాను.

“ఇదేందిరా, ఎంటికలా? అన్నంలో ఒగటొస్తేనే తట్ట తోసేస్తాము. ఇంత కుప్ప పోసినారే.”

తిరుమలలో ఇచ్చినట్టాంటివేనమ్మా, అన్నాను. ఫోన్ దగ్గరకి లాక్కుని ఇంకోసారి చూసింది.

“అయితే ఒగొక్కరిదీ ఒగొక మొక్కు గదా. తీరినాయో లేదో.”

నేను చదివిన సమీక్షల్లో ఈ మాట ఎక్కడా లేదు. ప్రపంచీకరణ, శరీరం, యంత్రం అంటూ చాలా రాశారు, అవి తప్పని కాదు. కానీ తలనీలాలు ఇచ్చిన ఇంట్లోవాళ్లకి ఆ కుప్ప ముందు మొక్కుల గుట్ట. పిల్లాడి జ్వరం, కోర్టు కేసు, వీసా, గర్భం. అవన్నీ చివరికి ఎవరిదో బంపరు ప్రమాదంలో నలగకుండా కాపలా కాయడానికి వచ్చాయి. ఉక్కుని వెంట్రుక మోస్తోంది. తలమీద ఉన్నప్పుడు దువ్వి, నూనె రాసి, పూలు పెట్టిన వస్తువే. తెగి కిందపడిన క్షణం నుంచి ముట్టుకోబుద్ధి కాదు. ఎంత శ్రద్ధ చేసిన వస్తువు అయితే అంత అసహ్యం కావడం విచిత్రం, ఆ పని నిలబడేది ఈ విచిత్రం మీదే.

ఈ దారిలో ఇంకా ముందుకి పోయినవాళ్లు లాటిన్ అమెరికాలో ఉన్నారు, అక్కడి చరిత్ర అలాంటిది. చిలీలో 1973 సైనిక తిరుగుబాటు తర్వాత కనపడకుండా పోయినవాళ్ల తల్లులూ భార్యలూ గోనెగుడ్డ మీద రంగురంగుల ముక్కలు అతికి బొమ్మలు కుట్టారు. కొన్నిసార్లు ఆ ముక్కలు పోయినవాళ్ల చొక్కాలవే. దూరం నుంచి పిల్లల గదిలో తగిలించే బొమ్మల్లా ఉంటాయి, దగ్గరికెళ్తే సైనికులు, ఖాళీ కుర్చీ, ‘ఎక్కడున్నారు’ అనే ప్రశ్న. చర్చి సాయంతో అవి దొంగచాటుగా విదేశాలకి పోయాయి. పేర్లు పెట్టలేదు, పెడితే ప్రాణానికి ముప్పు.

కొలంబియాకి చెందిన డోరిస్ సల్సేడో, చిత్రహింసలు పెట్టి చంపేసిన ఒక నర్సు కోసం గులాబీ రేకుల దుప్పటి చేసింది. వేల రేకుల్ని వాడిపోకుండా శుద్ధిచేసి, ఆసుపత్రిలో గాయాలకి వాడే దారంతో ఒక్కొక్కటీ కలిపి కుట్టారు. నేలమీద పరిస్తే ముడతలుపడ్డ ఎర్రటి చర్మంలా ఉంటుంది. గాలి గట్టిగా వీస్తే చిరిగిపోయేంత పల్చన. అక్కడ కూడా పిచ్చుక స్వెట్టరే. నర్సు బతికుండగా ఎవరూ వెయ్యని కుట్లు అవి.

మెక్సికోకి చెందిన తెరేసా మార్గోయెస్ శవాగారంలో పనిచేసిన మనిషి, ఫోరెన్సిక్ చదువు చదివింది. 2009లో, షీలా గౌడ తాళ్లు వేలాడుతున్న వెనిస్‌లోనే, ఇంకో భవనంలో ఆమె హత్యాస్థలాల్లో నెత్తురు తుడిచిన గుడ్డల్ని పెట్టింది. మాదకద్రవ్యాల ముఠాలు శవాల పక్కన వదిలే బెదిరింపు చీటీల్లోని మాటల్ని ఆ గుడ్డలమీద బంగారు దారంతో కుట్టించింది. బంగారు జరీతో బెదిరింపు. తర్వాత 2012లో గ్వాటెమాలాలో, హత్యకి గురైన ఒక స్త్రీ శరీరం మీద కప్పిన గుడ్డని మాయా తెగ ఆడవాళ్ల చేతికిచ్చింది. వాళ్లు మరకలు చెరపకుండా, వాటిమీదే తమ సంప్రదాయపు అల్లికలు కుట్టారు.

ఇక్కడ నాకొక పేచీ ఉంది. కుట్టింది వాళ్లు, పేరు ఈమెది. కుట్టేటప్పుడు ఆ ఆడవాళ్లు తమ ఊళ్లలో జరుగుతున్న హింస గురించి మాట్లాడుకున్నారు, అది రికార్డయింది, పనిలో భాగమైంది. కాబట్టి వాళ్లని ఉత్త కూలీలుగా చూసిందనలేం. అయినా మారతహళ్లి షాపులో కింది చెయ్యి నాకు గుర్తొస్తూనే ఉంటుంది. ఈ కళంతా కనపడని చెయ్యి గురించే మాట్లాడుతుంది, మరి లేబుల్ మీద ఆ చేతికి చోటు ఎంత? ఒక్కోచోట బాగానే ఉంటుంది, చాలాచోట్ల ఉండదు.

లేబుల్ మాట వచ్చింది కాబట్టి చెప్తాను, ఈ పనుల ముందు నిలబడ్డప్పుడు పేరుకన్నా ముందు సరుకుల వరస చదవండి. దారం, జిగురు, కుంకుమ, సూదులు. వెంట్రుకలు, ఉక్కు. ఎముక, వెల్వెట్. వంటింటి జాబితాలా చల్లగా రాసి ఉంటుంది. సగం దెబ్బ అక్కడే ఉంది. ఆ తర్వాత వీలైతే పక్కకి వెళ్లి వెనకవైపు చూడండి. వెనకవైపు చూడనివ్వని పనులంటే నాకు కొంచెం అనుమానం. జపాన్‌లో పుట్టి బెర్లిన్‌లో ఉంటున్న చిహారు షియోటా 2015లో వెనిస్‌లో ఎర్రదారపు వలలో వేలాది తాళంచెవులు వేలాడదీసింది. కళ్లు చెదిరే పని, సందేహం లేదు, ఫోటోలు కూడా అద్భుతంగా వస్తాయి. కాలిపోయిన పియానో చుట్టూ నల్లదారం అల్లిన ఆమె పాత పని మాత్రం నన్ను ఇంకా వెంటాడుతుంది. చిన్నప్పుడు పక్కింట్లో మంటల్లో కాలిపోయిన పియానో జ్ఞాపకం అది. తాళంచెవులది చూసి సెల్ఫీ తీసుకోవచ్చు, ఆ పియానో పక్కన తీసుకోబుద్ధి కాదు.

బెంగళూరులో ఉన్నవాళ్లకి కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన కళా, ఫోటోగ్రఫీ మ్యూజియం, ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు భవనంలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియం దగ్గరే. ఇలాంటివి ఎప్పుడూ ఉంటాయని కాదు, కానీ మామూలు పాత చీరల ప్రదర్శన పెట్టినా వెళ్లండి. అంచు మాసిపోయిన చోట, రఫ్ఫు చేసిన చోట ఆగండి.

వదిన బ్లౌజు నిన్న వచ్చింది, లైనింగ్‌తో, ఇస్త్రీతో. ఒక హుక్కు ఊడి చేతికొచ్చింది. చూసి అమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. అప్పటికి లైట్లు వేసేశాం. “అది ఇటు అందుకో,” అంది, పేరు చెప్పకుండా. డబ్బాలోంచి తీసి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుని, “చేతికి కాదురా, కింద పెట్టు,” అంది. కింద పెట్టాను. తీసుకుని, దారం కొసని నోట్లో తడిపి, ఎక్కించడానికి వెలుతురు వైపు తిరిగింది.